బీరువా నిండా క్యాటలాగులే, కావలసిన కాగితం మాత్రం దొరకదు: ఆర్కిటెక్ట్ ఆఫీసులో ప్రొడక్టు సమాచారం ఎలా నడపాలి

కొత్తగా ఆఫీసు పెట్టుకున్న జూనియర్లు నన్ను పదే పదే అడిగే ప్రశ్న ఒకటుంది. "సార్, కంపెనీల వాళ్లు ఇచ్చే క్యాటలాగులన్నీ ఎలా సర్దుకుంటారు? ఏదైనా సాఫ్ట్‌వేర్ వాడతారా?" ఒక్కొక్కరికీ ఫోన్‌లో అరగంట చెప్పే బదులు ఒకచోట రాసి పెడితే నయమనిపించింది.

సాఫ్ట్‌వేర్ సంగతి పక్కన పెట్టండి. రెండు బీరువాల క్యాటలాగులున్న ఆఫీసుకి సైట్ నుంచి ఫోన్ వస్తుంది: "సార్, మనం చెప్పిన టైలు స్టాకు లేదంట. కాంట్రాక్టరు ఇంకోటి చూపిస్తున్నాడు, అచ్చం అలాగే ఉంది, వేయించేయమంటారా?" ఆ నిమిషంలో మీకు కావలసినవి మూడు సంగతులు. ఆ టైలునే ఎందుకు ఎంచుకున్నారు, ఏ కాగితం చూసి ఎంచుకున్నారు, ఎప్పుడు. ఈ మూడూ రెండు నిమిషాల్లో బయటికి వచ్చేలా ఆఫీసుని పెట్టుకోవడం ఎలాగో కింద చెబుతున్నాను. ముగ్గురి నుంచి పన్నెండు మంది దాకా ఉన్న ఆఫీసులకు సరిపోయే పద్ధతి ఇది.

కావలసినవి

- అందరికీ తెరుచుకునే ఒక ఫోల్డరు. గూగుల్ డ్రైవ్ అయినా, ఆఫీసు సర్వర్ అయినా ఒకటే.
- ఒక ఎక్సెల్ షీటు.
- ప్రొడక్టుల కోసమే విడిగా ఒక ఈమెయిల్.
- తేదీ మార్చుకునే రబ్బరు స్టాంపు, ఒక పర్మనెంట్ మార్కర్.
- గ్రాముల దాకా చూపించే వంటింటి త్రాసు, ఒక వెర్నియర్ క్యాలిపర్. రెండూ కలిపి ఒక శాంపిల్ టైలు బాక్సు ఖరీదు కూడా ఉండవు.
- ఫోన్‌లో బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) కేర్ యాప్.
- బాధ్యత తీసుకునే ఒక మనిషి. "అందరూ చూసుకుంటారు" అంటే ఎవరూ చూడరు. వారానికి రెండు గంటలు ఇదే పనిగా కేటాయించాలి. వేసవిలో వచ్చే ఇంటర్న్‌కి మాత్రం అప్పగించకండి. ఆ అబ్బాయి జులైలో కాలేజీకి వెళ్లిపోతాడు, సర్దిన లెక్క అతని బుర్రలోనే ఉండిపోతుంది.

1. లోపలికి వచ్చే దారి ఒక్కటే ఉంచండి

సేల్స్ వాళ్లు ఎవరు కనిపిస్తే వాళ్ల ఫోన్‌కి పీడీఎఫ్ వాట్సాప్ చేసి వెళ్తారు. ఆ ఫైలు పేరు "డాక్-20240312-డబ్ల్యూఏ0007" అని ఉంటుంది. అది ప్లైవుడ్డా, పెయింటా, ఎవరిది, ఏమీ తెలియదు. ఆర్నెల్లకి ఆ ఫోన్ మారుతుంది, లేదా ఆ ఉద్యోగే మారిపోతాడు.

అందుకని ఒక్క నియమం పెట్టుకోండి: ఎవరి ఫోన్‌కి వచ్చినా సరే, ఆ రోజు సాయంత్రంలోగా ప్రొడక్టుల ఈమెయిల్‌కి చేరాలి. చేరనిది ఆఫీసుకి రానట్టే లెక్క. అచ్చు క్యాటలాగు అయితే అట్ట మీద తేదీ స్టాంపు వేయండి.

సేల్స్ వాళ్లకు వారంలో ఒక పూట కేటాయించండి. మాకు బుధవారం మూడు నుంచి అయిదు. వచ్చిన ప్రతివాళ్లనీ ఇవే అయిదు ప్రశ్నలు అడగండి:

- ఇది ఏ ఐఎస్ (భారతీయ ప్రమాణం) ప్రకారం తయారవుతోంది? లైసెన్సు నంబరెంత?
- ఏ ఫ్యాక్టరీలో?
- ఇక్కడి డీలరు దగ్గర స్టాకు ఉంటుందా, ఆర్డరు పెడితే ఎన్నాళ్లు?
- ఈ డిజైను ఆపేస్తే మాకు చెప్పేదెవరు?
- దీన్ని ఎక్కడ వాడకూడదు?

చివరి ప్రశ్నకి తడుముకోకుండా జవాబు చెప్పిన మనిషి నంబరు జాగ్రత్తగా దాచుకోండి. అలాంటివాళ్లు పదిమందిలో ఒకరు ఉంటారు. "ఎక్కడైనా వాడొచ్చు సార్" అన్నాడంటే అతనికి తన వస్తువు గురించి తెలియదన్నమాట.

ఇంకో సంగతి. దసరా స్వీట్ల డబ్బా దాకా సరే, ఆపైన వచ్చే కవర్ల జోలికి పోకండి. పనుల పరిచయానికి కమీషన్లు, కానుకలు ఇవ్వడాన్నీ తీసుకోవడాన్నీ ఆర్కిటెక్టుల ప్రవర్తనా నియమావళి 1989 నుంచే కాదంటోంది. నియమం మాట అటుంచితే, ఒకసారి తీసుకున్నాక ఆ కంపెనీ డేటా షీటులో తప్పు మీ కంటికి ఆనదు.

2. కంపెనీ పేరుతో కాదు, పని పేరుతో సర్దండి

ఒకే కంపెనీ పెయింటూ అమ్ముతుంది, వాటర్‌ప్రూఫింగూ అమ్ముతుంది, టైల్ అడ్‌హెసివ్‌వూ అమ్ముతుంది. కంపెనీ పేరుతో పెడితే బాత్‌రూమ్‌కి కావలసినవి ఆరు ఫోల్డర్లలో వెతకాలి.

మన దగ్గర చేతికందే వరుస సీపీడబ్ల్యూడీ (కేంద్ర ప్రజాపనుల శాఖ) రేట్ల పుస్తకం డీఎస్‌ఆర్‌లో ఉంది. డీఎస్‌ఆర్‌లో 9 చెక్క, పీవీసీ పనులు, 11 ఫ్లోరింగ్, 13 ఫినిషింగ్, 17 శానిటరీ, 21 అల్యూమినియం, 22 వాటర్‌ప్రూఫింగ్. ఫోల్డర్లకు ఈ అంకెలే పెట్టండి. బీఓక్యూ (పనులు, పరిమాణాల పట్టిక) కూడా దాదాపు ఇదే వరుసలో రాస్తాం కాబట్టి వెతుకులాట సగం తగ్గుతుంది.

హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా ఆఫీసులకు డ్రాయింగులు చేసేవాళ్లయితే ఆ పనికి అక్కడి వరుస మాస్టర్‌ఫార్మాట్ తప్పదు. అందులో 07 వేడి, తేమల నుంచి రక్షణ, 08 తలుపులు కిటికీలు, 09 ఫినిషులు. బ్రిటన్ పనికి యూనిక్లాస్. రెండు వరుసల్నీ ఒకే ఫోల్డరులో కలపకండి. ఎక్సెల్‌లో పక్కన ఇంకో గడి పెట్టి రెండో అంకె రాసుకుంటే చాలు.

3. ఫైలు పేరు

పని అంకె, వస్తువు, కంపెనీ, కాగితం రకం, తేదీ. అంటే "11_విట్రిఫైడ్ టైల్_ఫలానా కంపెనీ_డేటాషీట్_2025-06". తేదీ అంటే కాగితం మీద అచ్చయిన తేదీ. అది లేకపోతే మనకు అందిన తేదీ రాసి, పక్కన "అందింది" అని చేర్చండి. కొత్తది వచ్చిందని పాతదాన్ని చెరిపేయకండి, "పాతవి" అనే ఫోల్డరులోకి తోసేయండి. రేపు తగాదా వస్తే ఆనాడు మీరు చూసిన కాగితమే కావాలి.

4. ఏది ఏ కాగితమో గుర్తుపట్టండి

ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను. కంపెనీ నుంచి వచ్చే కాగితాలు మూడు రకాలు.

బ్రోచరు: బొమ్మల పుస్తకం. రంగు, సైజు, డిజైను ఎంచుకోవడానికి పనికొస్తుంది. "వాటర్‌ప్రూఫ్", "యాంటీ స్కిడ్", "ఎకో ఫ్రెండ్లీ" లాంటి మాటలకు ఇందులో ఏ అర్థమూ ఉండదు.

డేటా షీటు: అంకెలుంటాయి. అయితే అవి కంపెనీ తన గురించి తాను చెప్పుకున్నవి. ప్రతి అంకె పక్కనా ఏ పరీక్ష పద్ధతి ప్రకారమో ఉండాలి. అది లేకపోతే ఆ అంకెని లెక్కలోకి తీసుకోకండి.

టెస్ట్ రిపోర్టు: బయటి ల్యాబ్ ఇచ్చింది. అడుగున చిన్న అక్షరాల్లో "ఈ ఫలితాలు పరీక్షకు ఇచ్చిన శాంపిల్‌కి మాత్రమే వర్తిస్తాయి" అనే అర్థంలో ఒక వాక్యం ఉంటుంది. అది మొక్కుబడి మాట అనుకోకండి. ఏ మోడల్, ఏ మందం, ఏ ఫినిష్ పరీక్షించారో చూడండి. మీరు కొనేది అదేనా?

మా ఆఫీసులో జరిగిందే చెబుతాను. నల్లగొండ వైపు ఒక చిన్న నర్సింగ్ హోమ్ కట్టాం. ముందు ర్యాంపుకి టైలు ఎంచుకున్నాం. బ్రోచరు పేజీ పైన పెద్ద అక్షరాల్లో "ఆర్11" అని జారుడు తరగతి ఉంది. అదే పేజీలో ఆ టైలు మూడు ఫినిషుల్లో ఉంది. మేం మ్యాట్ ఫినిష్ తీసుకున్నాం, రంగు బాగుందని. పేజీ అడుగున చుక్క గుర్తు పక్కన "గరుకు ఫినిష్‌కు మాత్రమే" అని ఉన్న సంగతి మొదటి వానకి వార్డ్ బాయ్ టీ గ్లాసుల ట్రేతో సహా జారిపడ్డాక చదివాం. మ్యాట్‌కి ఉన్నది ఆర్9. అదృష్టం కొద్దీ మోచెయ్యి గీరుకుపోవడంతో పోయింది. 38 టైళ్లు పగలగొట్టి మళ్లీ వేయించాం, ఖర్చు మాదే. కంపెనీని అనడానికేం లేదు, వాళ్లు రాశారు, మేమే చదవలేదు.

ఈ ఆర్ అంకెల గురించి ఒక అపోహ బాగా పాతుకుపోయింది. ఆర్9 అంటే పదికి తొమ్మిది మార్కులనుకుంటారు. కాదు, అది అన్నిటికన్నా కింది మెట్టు. జర్మన్ డీఐఎన్ 51130 పద్ధతిలో నూనె పోసిన వాలు మీద బూట్లతో మనిషిని నడిపిస్తారు. వాలు 6 నుంచి 10 డిగ్రీల మధ్య జారితే ఆర్9, 10 నుంచి 19 దాకా ఆర్10, 19 నుంచి 27 దాకా ఆర్11. అంతకన్నా కింద జారిపోయే టైలుకి అసలు ఆర్ అంకే రాదు. బాత్‌రూమ్‌లో, ఈత కొలను పక్కన చెప్పుల్లేకుండా నడుస్తాం కాబట్టి అక్కడికి వేరే పరీక్ష ఉంది, డీఐఎన్ 51097. అందులో ఏ, బీ, సీ తరగతులు, సీ అన్నిటికన్నా మెరుగు. ర్యాంపు కాగితం తెచ్చి బాత్‌రూమ్‌కి చూపిస్తే ఒప్పుకోకండి.

5. ఒక్కో వస్తువుకి ఒక్క వరుస రాయండి

క్యాటలాగు మొత్తం ఎక్సెల్‌లోకి ఎక్కించాలని చూడకండి. ఆ ఉత్సాహం రెండో వారానికి చల్లారుతుంది. మీ ప్రాజెక్టులో నిజంగా పరిశీలించిన వస్తువుకి మాత్రమే ఒక వరుస. గడులు ఇవి: వస్తువు, ఎక్కడ వాడాలి, ముఖ్యమైన రెండు మూడు అంకెలు, అవి ఏ కాగితంలో ఏ పేజీలో ఉన్నాయి, కాగితం తేదీ, చూసిందెవరు, తీసుకున్నామా వద్దన్నామా, ఎందుకు.

"ఎందుకు వద్దన్నాం" గడిని ఖాళీ వదలకండి. నాకైతే అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చింది అదే. మూడేళ్ల తర్వాత అదే సేల్స్ మనిషి కొత్త పేరుతో పాత వస్తువునే తెస్తాడు. "2022లో చూశాం, అంచులు నాలుగు మిల్లీమీటర్లు వంగి ఉన్నాయి" అని రాసి ఉంటే ఆ పూట మిగులుతుంది.

ఏ అంకెలు రాయాలన్నది వస్తువుని బట్టి:

- టైలు: నీరు పీల్చే శాతం, ఐఎస్ 15622లో ఏ గ్రూపు, జారుడు తరగతి. విట్రిఫైడ్ అంటే 0.5 శాతానికి మించి పీల్చకూడదు. గోడకు వేసే మామూలు సిరామిక్ 10 శాతం పైన పీలుస్తుంది.
- ప్లైవుడ్: గ్రేడు, మందం. ఐఎస్ 303లో ఎంఆర్ (తేమకు నిలిచేది), బీడబ్ల్యూఆర్ (మరిగే నీటికి నిలిచేది) అని రెండు గ్రేడులు. మెరైన్ అంటే ఐఎస్ 710. "వాటర్‌ప్రూఫ్ ప్లై" అనే గ్రేడు ఎక్కడా లేదు.
- ఏఏసీ (గాలి బుడగల తేలికపాటి కాంక్రీటు) బ్లాకు: ఐఎస్ 2185 మూడో భాగం ప్రకారం సాంద్రత, బలం. ఘనపు మీటరుకి 551 నుంచి 650 కిలోల సాంద్రత వరుసలో గ్రేడ్ 1కి చదరపు మి.మీ.కు 4 న్యూటన్లు, గ్రేడ్ 2కి 3. ఆ సాంద్రత ఆరిన బ్లాకుది. సైటుకి వచ్చే బ్లాకు తేమతో ఇంకా బరువుంటుంది, ఆ మాట స్ట్రక్చరల్ ఇంజనీరు చెవిన వేయండి.
- గాజు: ఎస్‌హెచ్‌జీసీ (ఎండ వేడి ఎంత లోపలికి వస్తుందో), యూ విలువ (గాజులోంచి వేడి ఎంత దాటుతుందో), వెలుతురు శాతం. ఈ అంకెలు ఒంటి గాజువా, డబుల్ గ్లేజింగ్‌వా? గాజు నడిమిభాగానికా, ఫ్రేముతో కలిపి కిటికీ మొత్తానికా? ఈ రెండూ రాయని యూ విలువ పనికిరాదు.
- వాటర్‌ప్రూఫింగ్: వారంటీ ఎన్నేళ్లన్నది తర్వాత, ముందు దాని షరతులు. "మా అధీకృత అప్లికేటర్ చేస్తేనే" అని ఉంటుంది. మీ కాంట్రాక్టరు మనుషులు పూస్తే ఆ పదేళ్ల కాగితం చెల్లదు.

తాండూరు బండ, కడప బండ, బేతంచర్ల రాయి లాంటివాటికి డేటా షీటు ఉండదు, అడిగితే క్వారీవాళ్లు నవ్వుతారు. వాటికి వేరే దారి, ఏడో మెట్టులో చెబుతాను.

6. కాగితం నిజమా కాదా చూడండి

ఐఎస్‌ఐ ముద్ర పైన ఐఎస్ నంబరు, కింద సీఎం/ఎల్ నంబరు ఉంటాయి. బీఐఎస్ కేర్ యాప్‌లో లైసెన్సు వివరాలు చూసే చోట ఆ సీఎం/ఎల్ నంబరు కొట్టండి. తయారీదారు పేరు, చిరునామా, గడువు, ఏ రకాలకు లైసెన్సుందో వస్తాయి. నాలుగూ చూడాలి. లైసెన్సు నిజమే, కానీ వేరే గ్రేడుకి అయ్యుండొచ్చు.

ఇక్కడ ఒక చిక్కు. లైసెన్సు ఇచ్చేది ఫ్యాక్టరీకి, బ్రాండుకి కాదు. రెండు ఫ్యాక్టరీలున్న బ్రాండుకి రెండు నంబర్లుంటాయి. గుజరాత్‌లోని మోర్బీ టైళ్లలో ఒకే ఫ్యాక్టరీ సరుకు నాలుగైదు బ్రాండుల అట్టపెట్టెల్లో రావడం మామూలే. అందుకే బ్రోచరు మీది నంబరుతో సరిపెట్టుకోకుండా సైటుకి వచ్చిన పెట్టె మీది నంబరు మళ్లీ చూడండి.

టెస్ట్ రిపోర్టు మీద ఎన్‌ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపునిచ్చే సంస్థ) గుర్తు, యూఎల్‌ఆర్ అనే పొడుగాటి నంబరు ఉన్నాయో లేదో చూడండి. ఎన్‌ఏబీఎల్ వెబ్‌సైటులో ల్యాబ్ పేరు వెతికితే, ఏయే పరీక్షలకు గుర్తింపుందో ఆ జాబితా దొరుకుతుంది. సిమెంటు పరీక్షకు గుర్తింపున్న ల్యాబ్ ప్లైవుడ్ రిపోర్టు ఇస్తే దానికి ఆ విలువ లేదు. తేదీ రెండేళ్లు దాటితే నేను కొత్తది అడుగుతాను. అది రూలేమీ కాదు, నా అలవాటు.

7. శాంపిల్ పట్టుకుని చూడండి

శాంపిల్ రెండు ముక్కలు తీసుకోండి. వెనకవైపు మార్కర్‌తో తేదీ, ప్రాజెక్టు, షేడ్ నంబరు, బ్యాచ్ రాసి మీరు, ఓనరు, కాంట్రాక్టరు ముగ్గురూ సంతకం చేయండి. ఒకటి సైటులో, ఒకటి మీ దగ్గర. రంగుని షోరూం లైట్ల కింద ఖరారు చేయకండి. ఎండలో ఒకసారి, గది లోపల ఒకసారి, నీళ్లు చల్లి ఒకసారి చూడండి.

విట్రిఫైడ్ అని చెప్పిన టైలుకి ఆఫీసులోనే చిన్న పరీక్ష చేయొచ్చు. ముక్కని ఎండలో బాగా ఆరబెట్టి త్రాసు మీద పెట్టండి. 500 గ్రాములుందనుకుందాం. రాత్రంతా నీళ్లలో వదిలి, పొద్దున పైతడి గుడ్డతో తుడిచి మళ్లీ తూచండి. పెరిగింది రెండున్నర గ్రాముల లోపే ఉండాలి. ఇరవై, ముప్ఫై గ్రాములు పెరిగితే అది విట్రిఫైడ్ కాదు. ల్యాబ్ పరీక్ష ఇలా నానబెట్టడంతో అవదు కాబట్టి ఇందులో గట్టెక్కినంత మాత్రాన టైలు పాసైనట్టు కాదు. మోసం పెద్దదైతే మాత్రం ఇక్కడే దొరికిపోతుంది.

ప్లైవుడ్ అయితే నాలుగు మూలల్లో వెర్నియర్ పెట్టండి. 19 మి.మీ. అన్నది 17.5 ఉండటం నేను చాలాసార్లు చూశాను. కుక్కర్లో ఉడకబెట్టి చూసేవాళ్లున్నారు, తప్పేం లేదు. కానీ బీడబ్ల్యూఆర్‌కి 8 గంటలు, మెరైన్‌కి 72 గంటలు మరిగే నీళ్లలో ఉంచి చూడాలంటుంది ఐఎస్. నాలుగు విజిళ్లకి విడిపోలేదంటే ఇంకా తేలలేదనే అర్థం.

రాళ్ల సంగతి. ఒక్క ముక్క చూసి ఒప్పుకోకండి. లేతది, మధ్యరకం, ముదురుది మూడు పలకలు పెట్టించి "ఈ హద్దుల మధ్య ఉన్నదే తీసుకుంటాం" అని ఫోటోతో సహా రాయించుకోండి. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్‌లో బంగారు చుక్కలు ఒక పలకలో ఒత్తుగా, ఇంకో పలకలో పలచగా ఉంటాయి. వంటగట్టు మీద అవి పక్కపక్కన పడ్డాక గొడవపడి లాభం లేదు.

8. బీఓక్యూలో ముందు లక్షణం, తర్వాత మేక్ (కంపెనీ పేరు)

"ఫలానా కంపెనీ టైలు లేదా సమానమైనది" అని రాసి వదిలేస్తే, ఆ "సమానమైనది" ఏమిటన్నది కాంట్రాక్టరే తేలుస్తాడు. ఇలా రాయండి: "600 × 1200 మి.మీ. విట్రిఫైడ్ టైలు, ఐఎస్ 15622 ప్రకారం నీటి శోషణ 0.5 శాతం లోపు, జారుడు తరగతి కనీసం ఆర్10, సంతకం చేసిన శాంపిల్ ప్రకారం. ఒప్పుకున్న కంపెనీలు ఏ, బీ, సీ." ఇప్పుడు సమానం అంటే ఏమిటో కాగితమే చెబుతుంది.

మేక్ లిస్టులో మూడు పేర్లు పెడితే, మూడూ ఆ లక్షణాలకు నిలుస్తాయని మీరు ముందే చూసి ఉండాలి. పాత ప్రాజెక్టు మేక్ లిస్టుని కాపీ కొట్టడం మన ఆఫీసుల్లో పెద్ద జబ్బు. మూతపడిన కంపెనీ పేరు నాలుగు టెండర్లలో అలాగే నడిచిన ఉదంతం నాకు తెలుసు.

9. మార్పిడి అడిగినప్పుడు

సైటులో అసలు పరీక్ష ఇదే. ఫోన్‌లో ఎప్పుడూ "సరే" అనకండి. "ఫారం పంపించండి, రేపు సాయంత్రానికి చెబుతాను" అనండి. ఫారం ఒక్క పేజీ. ఎడమవైపు మనం ఒప్పుకున్న వస్తువు లక్షణాలు మనమే నింపి ఇస్తాం. కుడివైపు కాంట్రాక్టరు తను తెచ్చే వస్తువుకి అవే అంకెలు నింపాలి, డేటా షీటు జతచేయాలి. అడుగున మూడు ప్రశ్నలు: ఎందుకు మారుస్తున్నారు? రేటు తేడా ఎంత, అది ఎవరికి చెందుతుంది? దీనివల్ల ఇంకేం మారుతుంది?

మూడోది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది. టైలు 9 మి.మీ. నుంచి 12కి మారితే గుమ్మం దగ్గర లెవెల్ మారుతుంది, తలుపు అడుగు కోయాలి. కింద వాడే అడ్‌హెసివ్ టైపు కూడా మారొచ్చు. అది ఐఎస్ 15477లో ఏ టైపో మళ్లీ చూడాలి.

"స్టాకు లేదు" అన్నది కారణమైతే మీరే డీలరుకి ఫోన్ చేసి కనుక్కోండి. సగం సార్లు స్టాకు ఉంటుంది, కాంట్రాక్టరుకి అక్కడ పాత బాకీ ఉంటుంది.

అపార్ట్‌మెంటు ప్రాజెక్టయితే ఇంకో మెట్టుంది. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం సెక్షన్ 14 ప్రకారం, కొనుగోలుదారుకి చెప్పిన స్పెసిఫికేషన్లు, ఫిక్చర్లు, ఫిట్టింగులు అతని అనుమతి లేకుండా మార్చకూడదు. బిల్డరు, మీరు ఒప్పుకుంటే సరిపోదు. సేల్ అగ్రిమెంటు చివర్న ఉన్న స్పెసిఫికేషన్ల పట్టిక తెప్పించుకుని చూశాకే సంతకం పెట్టండి.

10. రేట్లు విడిగా ఉంచండి

రేటుని డేటా షీటు వరుసలో రాయకండి. అది నెలనెలా మారుతుంది, లక్షణాలు మారవు. విడి షీటులో రేటు, తేదీ, జీఎస్టీ కలిపా విడిగానా, రవాణా ఎవరిది, కొలత ఏమిటి అని రాసుకోండి. 2025 సెప్టెంబరు 22న సిమెంటు మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. "అన్నీ కలిపి" అని రాసుకున్న పాత రేట్లన్నీ ఆ రోజుతో పనికిరాకుండా పోయాయి. విడిగా రాసుకున్నవాళ్లు ఒక్క గడి మార్చి ఊరుకున్నారు. టైళ్ల దగ్గర చదరపు అడుగా, బాక్సా చూసుకోండి. 600 × 1200 టైళ్లు రెండున్న బాక్సు 15.5 చదరపు అడుగులు వస్తుంది, 16 అని లెక్కేస్తే పెద్ద హాలుకి రెండు బాక్సులు తగ్గుతాయి.

11. సరుకు దిగేటప్పుడు, తాళాలు ఇచ్చేటప్పుడు

లారీ వచ్చినప్పుడు సైట్ ఇంజనీరు మూడు ఫోటోలు తీసి గ్రూపులో పెట్టాలి: డెలివరీ చలాను, పెట్టె మీది లేబులు, శాంపిల్ పక్కన పెట్టిన కొత్త ముక్క. లేబులు మీద షేడ్, బ్యాచ్ నంబర్లు అన్ని పెట్టెలకూ ఒకటేనా చూడాలి. వేసిన తర్వాత తేడా కనిపెడితే టైళ్ల కంపెనీలు "వేయకముందు చూసుకోవాలి" అంటాయి. చాలా పెట్టెల మీద ఆ మాట అచ్చేసే ఉంటుంది.

పని అయ్యాక ఓనరుకి ఒక ఫైలివ్వండి: వాడిన వస్తువుల పట్టిక, వారంటీలు, ఏ రసాయనంతో కడగకూడదో. గ్రానైట్ గట్టుని యాసిడ్‌తో కడిగి పాడుచేసుకున్నాక మనకే ఫోన్ చేస్తారు. మీ కాపీని అయిదేళ్లు దాటేదాకా పారేయకండి. స్వాధీనం ఇచ్చిన నాటి నుంచి అయిదేళ్ల లోపు చెప్పిన లోపాలకు బిల్డరుని బాధ్యుణ్ని చేస్తుంది రెరా. అప్పుడు ఆయన మొదట వచ్చేది మీ ఆఫీసుకే.

పద్ధతి పనిచేస్తోందా? ఇలా చూసుకోండి

మూడు నెలలకోసారి, బాధ్యత ఉన్న మనిషి సెలవులో ఉన్న రోజు ఈ పరీక్ష పెట్టండి. నడుస్తున్న ప్రాజెక్టు బీఓక్యూలోంచి కళ్లు మూసుకుని పది వస్తువులు ఎంచండి. ఆఫీసులో అందరికన్నా జూనియర్ని పిలిచి, ఒక్కోదానికీ డేటా షీటు, టెస్ట్ రిపోర్టు, ఎంచుకున్న తేదీ, శాంపిల్ తెమ్మనండి. ఒక్కోదానికి రెండు నిమిషాలు. పదిలో ఎనిమిది వస్తే బాగున్నట్టు. మా మొదటిసారి మూడు వచ్చాయి, అందులో ఒకటి వేరే ప్రాజెక్టుది.

రానివి ఏ మెట్టు దగ్గర తెగిపోయాయో చూడండి. కాగితం అసలు రాలేదంటే మొదటి మెట్టు లోపం, ఎవరి వాట్సాప్‌లోనో ఉండిపోయింది. వచ్చింది గానీ దొరకలేదంటే పేరు లోపం. దొరికింది గానీ వేరే ఫినిష్‌ది అయితే నాలుగో మెట్టు మళ్లీ చదవండి.

ఇప్పటికే బీరువా నిండిపోయిందంటారా? మొత్తం సర్దుదామని ఆదివారం కూర్చోకండి, సాయంత్రానికి నేలంతా పరుచుకుని ఉంటుంది. తేదీ లేనివీ, మూడేళ్లు దాటినవీ ఒక అట్టపెట్టెలో పోసి, టేపేసి, దాని మీద ఈ రోజు తేదీ రాయండి. నడుస్తున్న ఒక్క ప్రాజెక్టుతో కొత్త ఎక్సెల్ మొదలుపెట్టండి. ఏడాదిలో ఆ పెట్టె ఎవరూ తెరవకపోతే పాత పేపర్ల వాడికి తూకానికి ఇచ్చేయండి. మెరుపు కాగితమని రేటు కాస్త తక్కువిస్తాడు, బేరమాడకండి.